నేల మీది పౌడరు

ముఖానికి పౌడరు రాసుకోవడం తప్ప మా అత్తయ్యకు వేరే సోకు లేదు. ఆ ఒక్క సోకునీ నేనే మాన్పించాను.

ఆవిడ మంచం పక్కన రోజూ తెల్లటి పొడి కనిపించేది. పొద్దున ఊడిస్తే సాయంత్రానికి మళ్ళీ సిద్ధం. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "అత్తయ్యా, పౌడరు ముఖానికా, నేలకా?" అనేదాన్ని. "నేను పొయ్యలేదమ్మా," అనేది ఆవిడ మొదట్లో. తరవాత ఆ మాటా మానేసి, పెరట్లోకి వెళ్ళి రాసుకునేది. చివరికి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టేసింది. అయినా పొడి పడుతూనే ఉంది. ఇంకో డబ్బా ఎక్కడో దాచిందనుకుని, "ఈ వయసులో దొంగచాటు పనులేమిటండీ?" అని మొహం మీదే అడిగేశాను. మర్నాడే ఆవిడ, నాలుగు రోజులు ఉండి వస్తానని మా ఆడపడుచు ఇంటికి వెళ్ళిపోయింది. అలిగిందనుకున్నాను. వెళ్ళగానే ఆ గది శుభ్రంగా తుడిచి తలుపేశాను.

ఈ ఉదయం దుప్పట్లు ఉతుకుదామని తలుపు తీస్తే, మనిషి లేని గదిలో, మంచం పక్కన అదే పొడి.

కింద కూర్చుని మంచం కోడు తట్టాను. సూది గుచ్చినంత కన్నాల్లోంచి జల్లెడ పట్టిన పిండిలా జలజలా రాలింది. ఒక కన్నంలోంచి బియ్యపు గింజంత గోధుమరంగు పురుగు బయటికొచ్చి, తన ఇల్లే అన్నట్టు తాపీగా నడుచుకుంటూ పోయింది. పైకి నున్నగా ఉన్న కోడు లోపలంతా గుల్ల. తేలిగ్గా ఉంది, జరుపుకోవచ్చని ఆ చేవలేని తెల్లచెక్క మంచం ఏరి కొన్నదీ నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే ఫోన్ చేశాను.

"అత్తయ్యా, ఆ పొడి మీరు పోసింది కాదండీ. మంచానికి పురుగు పట్టింది. కర్రంతా తొలిచేస్తోంది."

"నిజంగా నేను కాదా?"

"కాదండీ."

"రాసుకుని మరచిపోతున్నానేమో అనుకున్నానమ్మా. డబ్బా నీకిచ్చేశాక కూడా పడుతుంటే, నాకు మతి పోతోందని హడలిపోయా. అబ్బాయికి తెలిస్తే బెంగ పెట్టుకుంటాడని, ఇక్కడ డాక్టరుకి చూపించుకుందామనే వచ్చా." ఆవిడ ఒక్కసారిగా నవ్వింది. "బతికించావే తల్లీ! నీ కడుపు చల్లగుండ!"

క్షమించమని అడగడానికే ఫోన్ చేశాను. ఆ మాట నా నోట్లో ఉండగానే ఆవిడ దీవించేసింది.