మూడో నంబరు నిలబడే తీరు

లంచ్ అవ్వగానే కోచ్ వీడియో విశ్లేషకుణ్ణి మెట్ల దగ్గర ఆపేశాడు.

"సాయంత్రం బోర్డు పెద్దలొస్తున్నారు. మన బ్యాటింగ్ ఇలా పేకమేడలా ఎందుకు కూలుతోందో నాకు కావాలి. కబుర్లొద్దు. తెరమీద చూపించు."

"సరే సార్."

జట్టు వరసగా ఓడిపోతోంది. ఈ టెస్టు కూడా పోతే ఎవరి ఉద్యోగం ఉంటుందో ఎవరిది ఊడుతుందో తెలియదు. విశ్లేషకుడు పైఅంతస్తులోని తన గదికి వచ్చి కుర్చీ లాక్కున్నాడు. ఎదురుగా పెద్ద అద్దాల కిటికీ, కింద పచ్చటి మైదానం. రెండో ఇన్నింగ్స్ ఆడటానికి మన ఓపెనర్లు అప్పుడే దిగుతున్నారు. అవతలి జట్టు ఫాస్ట్ బౌలర్, అందరూ 'ఉరుము' అని పిలిచేవాడు, బంతిని ప్యాంటుకి రుద్దుకుంటున్నాడు.

విశ్లేషకుడు మనవాళ్లు అవుటైన బంతులన్నీ తెరమీద వరసగా పెట్టి చూశాడు. రెండో ఓపెనర్, నాలుగో నంబరు, అయిదు, ఆరు. అందరిదీ ఒకే కథ. ఛాతీ బౌలర్ వైపు తిరిగిపోయి ఉంటుంది, బ్యాటు అడ్డంగా వస్తుంది, బంతి అంచు తాకి స్లిప్‌లోకి పోతుంది. ఒకే మనిషి చొక్కాలు మార్చుకుని మళ్లీ మళ్లీ అవుటైనట్టుంది.

ఆ నిలబడే తీరు ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికి బాగా తెలుసు. సొంత బావ దగ్గర్నుంచే.

బావ అంటే అక్క మొగుడు. జట్టులో మూడో నంబరు. పోయినేడు ఒక బౌన్సర్ హెల్మెట్ జాలీని ఎడమ కణత దగ్గర నొక్కేసింది. కోలుకుని వచ్చాక బావ నిలబడే తీరు మార్చేశాడు. పక్కకు తిరిగి నిలబడేవాడల్లా పాదాలు విప్పి, ఛాతీ బౌలర్‌కి చూపిస్తూ నిలబడ్డాడు. తిరిగొచ్చిన మ్యాచ్‌లోనే సెంచరీ. కోచ్ ఆనందం పట్టలేక, "రేపట్నుంచి అందరూ ఇలాగే నిలబడాలి" అని హుకుం జారీ చేశాడు.

"పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టుంటుందేమో సార్" అన్నాడు నాలుగో నంబరు.

"ముందు పెట్టుకోవయ్యా. పరుగులొస్తే నువ్వే పులివి."

పెట్టుకోనివాడు ఒక్కడే. 'మొండి' అని పేరుపడ్డ ఓపెనర్. "నేనెలా పుట్టానో అలాగే నిలబడతాను" అన్నాడు. ఇప్పుడు జట్టులో పరుగులు చేస్తున్నదీ వాడొక్కడే.

జబ్బు దొరికింది. మందూ దొరికింది. పాత తీరుకి వెళ్లిపోవాలి, అంతే. విశ్లేషకుడు లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. అందర్నీ ముంచిన ఆ తీరు ఆ మ్యాచ్‌లో బావకి మాత్రం ఎలా కలిసొచ్చింది? అసలు బావ దాన్ని ఎందుకు ఎంచుకున్నాడు?

దెబ్బకి ముందు వీడియో ఒక పక్క, తర్వాతది ఒక పక్క పెట్టాడు.

పాదాల కన్నా ముందు తల కనపడింది. మునుపు బావ ముఖం నేరుగా బౌలర్ని చూసేది. ఇప్పుడు బౌలర్ని దాటి ఇంకా ఎడమకు తిరిగి ఉంది. కిటికీ సందులోంచి వీధిలోకి చూసేవాడు మెడ తిప్పినట్టు. కుడికన్నుకి ముక్కు అడ్డు రాకుండా తిప్పుకున్న మెడ అది. రెండు కళ్లూ బాగున్నవాడికి ఆ అవసరం ఏముంది?

అతను మిగతా వీడియోలు తెరిచాడు.

ఇంకో ముక్క. ఓవర్ల మధ్య జోడీ ఆటగాడు గ్లౌజు పిడికిలి చాస్తాడు, బావ తన పిడికిలి ఆనించబోతాడు. అది జానెడు ఇవతలే ఆగిపోయింది. అవతలివాడే ముందుకు జరిగి తాకించుకున్నాడు. ఇంకో మ్యాచ్. అక్కడా అంతే. దూరం తెలియడం లేదు బావకి.

మ్యాచ్ నియమం ప్రకారం పొద్దున్న ఫోన్లు భద్రతాధికారికి అప్పజెప్పే ముందు అక్క చేసిన కాల్ గుర్తొచ్చింది. "ఒరేయ్, అందరి ఆటా చూస్తావు, మీ బావని కూడా కాస్త సరిగ్గా చూడరా" అంది. గొంతు అదోలా ఉంది. ఆట గురించేలే అనుకున్నాడు. ఈమధ్య వీధిలో నడిచినా, సోఫాలో కూర్చున్నా అక్క ఎప్పుడూ బావకి ఎడమ పక్కకే వస్తోంది. దానికీ అర్థం ఇప్పుడు తెలిసింది.

అద్దం అవతల ఉరుము పరుగెత్తుకొచ్చాడు. బంతి నేలకి తగిలి మొండి చెవి పక్కనుంచి ఈలేసుకుంటూ పోయింది. కాస్త వంగి తప్పించుకున్నాడు మొండి. వాడికి రెండు కళ్లున్నాయి.

ఓపెనర్లలో ఎవరు అవుటైనా తర్వాత దిగేది బావే.

అతను మెట్లు దిగలేదు, దొర్లాడు.

డ్రెస్సింగ్ రూమ్ మూలలో బావ ప్యాడ్లు కట్టుకుని, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. విశ్లేషకుడు పక్కన చతికిలబడి గొంతు తగ్గించాడు.

"బావా, ఎడమకన్ను ఎప్పట్నుంచి కనపడటం లేదు?"

బావ వేళ్లు హెల్మెట్ జాలీ మీద బిగుసుకున్నాయి.

"మీ అక్క చెప్పిందా?"

"చెప్పలేదు. నీ మెడ చెప్పింది."

"కాస్త మసకరా. పొగమంచులాగా, అంతే."

"కంటి పరీక్ష ఎలా పాసయ్యావు?"

"ముందు కుడికంటితో చదివి బట్టీ పట్టా. తర్వాత ఎడమకన్ను అడిగితే అప్పజెప్పా." నవ్వబోయాడు, రాలేదు. "బయట డాక్టరుకి చూపించా. కంటి లోపలి పొర ఊడివస్తోందట. ఇంకో దెబ్బ తగిలితే... ఏదేదో చెప్పాడులే."

"ఏం చెప్పాడు?"

"కన్ను మొత్తం పోతుందని. దెబ్బ ఇంకాస్త పైన తగిలితే కన్ను గురించి బెంగే ఉండదని."

విశ్లేషకుడు బావ ఒళ్లోని హెల్మెట్ మీద చెయ్యి వేశాడు.

"దిగకు బావా. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఇవాళ ఆడకపోతే ఇక పిలవరు. ఈ ఒక్క ఇన్నింగ్స్ ఆడనీ. తర్వాత నేనే చెప్పేస్తా. నోటికాడ కూడు లాగేయకురా."

స్టేడియం ఒక్కసారిగా హోరెత్తింది. గోడమీది టీవీ తెరమీద రెండో ఓపెనర్ తల వంచుకుని వస్తున్నాడు. మళ్లీ స్లిప్‌లోనే.

బావ లేచాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు, బ్యాటు అందుకున్నాడు. కొత్త బ్యాట్స్‌మన్‌కి మైదానంలో నిలబడటానికి ఉండే గడువు మూడే నిమిషాలు. విశ్లేషకుడు కోచ్ వైపు చూశాడు. ఇప్పుడు కన్ను సంగతి చెబితే బావ కాదంటాడు. వాదించేలోపు దిగిపోతాడు కూడా. ఆ నిలబడే తీరు కోచ్ సొంతబిడ్డ. నమ్ముతాడా?

కోచ్ ఎప్పట్లాగే గుమ్మంలో నిలబడ్డాడు. దిగే ప్రతివాడికీ పిడికిలి ఆనించి పంపడం ఆయన అలవాటు. అందరూ ఆనిస్తారు. బావ మాత్రం కొన్ని నెలలుగా ఆయన్ని కౌగిలించుకుని వెళుతున్నాడు. "నా పెద్దకొడుకులాంటివాడు" అని కోచ్ పదిమందితో చెప్పుకుని మురిసిపోయేవాడు. కౌగిలికి దూరం అంచనా వెయ్యక్కర్లేదని విశ్లేషకుడికి ఇప్పుడు తట్టింది.

బావ చేతులు చాచాడు. విశ్లేషకుడు అడ్డంగా దూరాడు.

"సార్, ఈసారి కౌగిలి వద్దు. పిడికిలి ఇవ్వండి."

"ఇప్పుడేంటయ్యా నీ గోల?"

"ఒక్కసారి సార్. ఎడమచేత్తో ఆనించమనండి."

"తప్పుకో" అన్నాడు బావ. గొంతు వణికింది.

ఆ వణుకు విన్నాకే కోచ్ పిడికిలి చాచాడు. బావ తల బాగా ఎడమకు తిప్పి, చెయ్యి విసిరాడు. పిడికిలి కోచ్ చేతిని తాకకుండా పక్కనుంచి పోయి గుమ్మానికి కొట్టుకుంది. మళ్లీ ప్రయత్నించాడు. ఈసారి అందలేదు.

కోచ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఎన్నాళ్లుగా?" అన్నాడు. "అంటే ఆ తీరు... కన్ను కనపడక... నేను దాన్ని అందరికీ..."

నాలుగో నంబరు ఒక ప్యాడు కట్టుకుని, రెండోది చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "వాతలు సార్" అన్నాడు మెల్లగా.

"నువ్వు పో! పరుగెత్తు!" కోచ్ అరిచాడు. "పాత తీరులో నిలబడు!"

"ఏ పాత తీరు సార్?"

"నేను నిన్ను పాడుచెయ్యక ముందుది!"

వాడు ప్యాడు బిగించుకుంటూనే ఉరికాడు. బావ హెల్మెట్ తీసి నేలకేసి కొట్టి, బల్లమీద కూలబడ్డాడు.

"నా ఆట తీసేశావురా" అన్నాడు.

విశ్లేషకుడు హెల్మెట్ తీసుకొచ్చి పక్కన కూర్చున్నాడు.

తెరమీద ఉరుము పరుగందుకున్నాడు. కొత్తగా వచ్చినవాడికి మొదటి బంతి. సగం పిచ్‌లో పడి, నిలువునా లేచి, ఎడమ కణత మీదికి దూసుకొచ్చింది. నాలుగో నంబరు చివరిక్షణంలో మెడ విరిచినట్టు వెనక్కి వంగాడు. బంతి అతని ముక్కు ముందునుంచి పోయి కీపర్ చేతుల్లో టప్పున పేలింది.

బావ తెర చూడలేదు. ఆ చప్పుడు విన్నాడు. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అది నాకోసం వచ్చిందే కదరా."

"అవును బావా."

బావ ఎడమచెయ్యి ముఖం మీంచి తీసి పక్కకి చాచి గాలిలో తడుముకున్నాడు. "ఎటు పోయావురా?"

విశ్లేషకుడు ఇంకాస్త దగ్గరగా జరిగి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడే ఉన్నా. అక్క కూర్చునే వైపు."