పొలానిదే ఇంటిపేరు

నార కోసం అవిసె కట్టెలు దంచీ దంచీ గేషె భుజాలు పడిపోయాయి. ఇంకా పది మోపులు మిగిలే ఉన్నాయి. అంతలో సవతి కొడుకు హిన్రిక్ గుమ్మంలోకి వచ్చాడు.

"ఆపు పిన్నీ, ముఖం కడుక్కో. పాస్టరు గారు చూస్తా ఉంటారు."

గేషె కొడుకు డిర్క్‌కు పెళ్లి ఖాయం చేసే రోజది. ఇల్లరికం. పెళ్లికూతురు మేటా, ఆవర్‌బెక్ కమతానికి హక్కుదారు, ముప్పై ఎనిమిదేళ్ల విధవ. డిర్క్‌కు ఇరవై రెండు.

కాదనడానికి గేషెకు నోరెక్కడిది? హోల్ట్‌కాంప్ కమతం ముక్కలు కాకూడదు, ఒక్కరికే పోవాలి. ఆ ఒక్కడు హిన్రిక్. అతని తల్లి ఆ ఇంటి ఆడపడుచు. ఆమె పోయాక, ఇల్లరికం వచ్చిన ఆమె భర్త యోస్ట్ గేషెను చేసుకున్నాడు. నిరుడు యోస్టూ పోయాడు. గేషెకు బతికినన్నాళ్లూ తలదాచుకోను పెరటి వెనక గుడిసె మిగిలింది. డిర్క్‌కు అన్న కింద పాలేరుతనం మిగిలింది. పదేళ్లప్పటి నుంచీ ఆ పొలంలోనే ఒళ్లు హూనం చేసుకున్నాడు వాడు. ఇంటివాడు గనక జీతం లేదు, వారసుడు కాదు గనక భాగం లేదు.

"అదృష్టమంటే నీదేరా," అన్నాడు హిన్రిక్ బండి తోలుతూ. "నాలుగు గుర్రాలు, పన్నెండు ఆవులు. నా దగ్గరుంటే ఏముంది, పేడ తట్ట తప్ప."

"ఆ తట్ట ఇచ్చింది నువ్వేగా అన్నా," అన్నాడు డిర్క్.

పాస్టరు గదిలో మేటా తనవాళ్లెవరూ తోడు లేకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ సీమలో ఎవరు ఏ కమతంలో కాపురముంటే ఆ కమతం పేరే వాళ్ల ఇంటిపేరు. పాస్టరు తను రాసింది చదివాడు: "డిర్క్ హోల్ట్‌కాంప్, ఇకమీదట ఆవర్‌బెక్."

డిర్క్ కలం అందుకుని ఆగాడు.

"అమ్మా, నాన్న కూడా ఇట్టాగే రాశాడా?"

"ఆఁ. ఈ గదిలోనే."

"అంతకుముందు ఆయన ఇంటిపేరేంది?"

గేషెకు చప్పున గుర్తు రాలేదు. పాతికేళ్లు కాపురం చేసిన మనిషి పేరు కోసం వెతుక్కోవాల్సి వచ్చినందుకు ఆమెకు సిగ్గేసింది.

"వెల్‌మన్," అంది చివరికి. "నే వచ్చేసరికే ఆయన హోల్ట్‌కాంప్ అయిపోయాడురా. నేనూ అయ్యా. నువ్వూ అట్టానే పుట్టావు. ఆ ఇంటి రక్తం మన ముగ్గురిలో ఒక్కరికీ లేదు."

"పేరు కూడు పెడతదా?" హిన్రిక్ విసుక్కున్నాడు. "పెట్టరా సంతకం."

మేటా తలెత్తింది. "నా మొదటి ఆయనా ఇట్టాగే ఆగి, ఆనక పెట్టాడు. పోయేముందు జొరంలో వాళ్ల ఇంటిపేరే పలవరించాడు." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పబ్బాయ్. నాకు సేద్యానికి మనిషి కావాలి. ఆ మనిషి నువ్వే కానక్కర్లేదు."

డిర్క్ కలం కింద పెట్టాడు. "నేను పెట్టను."

"అయితే నా గడప తొక్కబాకు," అన్నాడు హిన్రిక్.

"తొక్కను. ఎవరి పొలంలోనన్నా గుడిసె అడుక్కుని కూలి చేసుకుంటా."

"ఆ గుడిసె పేరే నీకు పెడతారు నాయనా," అన్నాడు పాస్టరు. అందులో వెటకారమేమీ లేదు.

"పిలిచేవాళ్లను పిలవనీండి. మీరు మటుకు వెల్‌మన్ అని రాయండి."

"ఆ పేరుతో నువ్వు పుట్టలేదు. రాయడానికి నాకు కుదరదు."

డిర్క్ బయటికి నడిచాడు.

బయట ముసురు పట్టింది. హిన్రిక్ బండెక్కి పగ్గాలు పట్టుకున్నాడు. "ఎక్కు పిన్నీ. నీ గుడిసె నీదే. దానికీ దీనికీ సంబంధం లేదు."

గేషె బండి అంచు మీద చెయ్యి వేసింది. మోకాళ్లు సలుపుతున్నాయి. గుడిసెలో పొయ్యి ఉంది, చలికాలానికి ఎండు పుల్లలున్నాయి. అటు బురద దారిలో కొడుకు వెనక్కి చూడకుండా పోతున్నాడు. వాడి వీపు తడిసి నల్లబడింది.

"ఎక్కవేం?" అన్నాడు హిన్రిక్.

గుర్రం కాలు మార్చింది. గేషె ఎక్కలేదు. చెయ్యీ తియ్యలేదు.