దొరకు కుట్టిన బిగుతు చొక్కా

దర్జీ కొట్లో బల్ల కింద పడుకునే ముసలి కుక్క పేరు దొర. దానికి షుగరుంది, కుడి తుంటిలో కీళ్లవాతం ఉంది, ఒక కన్ను ఇప్పటికే మసకేసింది. పశువుల డాక్టరమ్మ దాని ఎడమ డొక్క మీద బొచ్చు గొరిగి, కోటు బొత్తామంత సెన్సర్ అతికించింది. అది చర్మం కింద షుగరు కొలిచి ఫోనుకు పంపుతుంది. బాగా తగ్గితే ఫోను మోగుతుంది.

దొర దాన్ని గోకి పీకెయ్యకుండా దర్జీ చొక్కా కుట్టాడు. సెన్సర్ మీదికి వచ్చేచోట, కాలర్లలో పెట్టే గట్టి గుడ్డ, బక్రం వేశాడు.

"నా పెళ్లి కోటుకి కూడా ఇంత ఫిట్టింగు ఇవ్వలేదు బావా" అన్నాడు కత్తిరింపులు చూసే బావమరిది.

"వాడికి ఒంటి తీరుంది. నీకేముంది?"

మర్నాటి నుంచి ఫోను మోగడం మొదలైంది. మోగినప్పుడల్లా దర్జీ తేనె సీసాతో బల్ల కిందికి దూరి దొర చిగుళ్లకు రాసేవాడు. ఛాతీ కొలత ఇస్తున్న మనిషి చేతులు చాపుకుని అలాగే నిలబడేవాడు.

డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది: "ఇలా పడిపోతుంటే ఇన్సులిన్ తగ్గించాలి. కానీ మిగతా వేళల్లో మూడొందలు దాటుతోంది. తగ్గిస్తే రెండో కంట్లోనూ శుక్లం వస్తుంది. సాయంత్రం తీసుకురండి, తేల్చుకుందాం. ఈలోపు ఫోను మోగితే చెవి మీద సూదితో గుచ్చి, ఆ రక్తం మీటర్లో చూడండి."

మీటరు ఇచ్చి చాన్నాళ్లయింది. దర్జీ దాన్ని ముట్టుకోలేదు.

మధ్యాహ్నం ఫోను మోగింది. యాభై నాలుగు.

"కానీ బావా, గుచ్చు."

"నా వల్ల కాదురా."

"పుట్టి బుద్ధెరిగాక సూది తప్ప ఇంకోటి పట్టావా?"

"బట్ట నన్ను అలా చూడదురా."

చివరికి బావమరిదే గుచ్చాడు. మీటరు మూడు వందల పన్నెండు చూపించింది. మళ్లీ గుచ్చారు. మూడు వందల ఎనిమిది.

దర్జీ తేనె సీసాకి మూత బిగించేశాడు. బావమరిది దొరను లేపి చొక్కా బొత్తాలు విప్పాడు. సెన్సర్ చుట్టూ బక్రం అచ్చు పడి ఉంది. కుడి తుంటి నొప్పి వల్ల దొర ఎప్పుడూ ఎడమవైపే పడుకుంటుంది. కాసేపటికి ఫోన్లో అంకె మీటరు అంకె దగ్గరికి వచ్చింది.

"సెన్సర్‌ని ఇస్త్రీ చేసి పెట్టావు కదా బావా!"

సాయంత్రం డాక్టరమ్మ చొక్కాను తిప్పి చూసింది. "దీని మీద ఒత్తిడి పడితే లేని తగ్గుదల చూపిస్తుంది. ఇన్సులిన్ తగ్గించొద్దు."

"మరి ఆ మూడొందలు ఎందుకమ్మా?"

"మీ తేనె కూడా ఓ చెయ్యి వేసింది. ఇకనుంచి మీటర్లోనూ తక్కువుంటేనే తేనె రాయండి. చొక్కా లూజు చెయ్యండి."

కుట్టింది బిగుతుగా ఉందంటే ఒళ్లు తగ్గించుకోమనే మనిషి దర్జీ. ఆ రాత్రి బక్రం ఊడదీసి, సెన్సర్ మీదికి వచ్చే గుడ్డను గుండ్రంగా కత్తిరించాడు.

వారానికి షుగరు రెండొందల లోపుకి దిగింది. దర్జీకి ఇంకా దిగులే. దొర ముందు కూర్చుని చెయ్యి ఆడించాడు.

"వీడికి చూపు ఆనుతోందంటావా?"

తేనె ఆగిన రోజు నుంచి దొర అతని దగ్గరికి రావడం లేదు. చేతిని చూసింది, అతన్ని చూసింది, తల గోడవైపు తిప్పుకుంది.

"బ్రహ్మాండంగా ఆనుతోంది బావా" అన్నాడు బావమరిది. "నువ్వేనని పోల్చుకునే తిప్పుకున్నాడు."