నీళ్ళడిగిన గొంతు

కుసుమ మేడ మీద రేడియోమీటరుకు పట్టిన వరిదుమ్ము పొడిగుడ్డతో తుడుస్తుండగా కింద నుంచి మళ్ళీ వినపడింది. "కుసుమా, నీళ్ళు!" అత్తగారు పోయి ఏడాది దాటింది. గొంతు మాత్రం ఇల్లు వదల్లేదు.

పోతనాళలోని ఆ మేడ మీద యూనివర్సిటీవాళ్ళు ఆ యంత్రం పెట్టి మూడేళ్ళు. మబ్బులు కూడా చేరలేనంత ఎత్తున పిసరంత నీటి ఆవిరి ఉంటుంది. అది వెదజల్లే మైక్రోవేవ్ తరంగాలను పట్టి, అక్కడ తడి ఎంతుందో ఈ యంత్రం చెబుతుంది. కాగితాల్లో పర్యవేక్షకుడు ధర్మతేజ. తుడిచేదీ, లెక్కలు రాసేదీ ఆయన భార్య కుసుమ. "బీయస్సీ ఫిజిక్సు చదివావుగా, వృథా పోనీకు" అన్నాడు, పెద్ద వరమిచ్చినట్టు. దిగితే నాట్ల కూలీలకు వంట, అత్తగారు మంచాన ఉన్నన్నాళ్ళూ ఆవిడ పక్కబట్టలు. మేడ మీద మాత్రం ఆమెను ఎవరూ ఏమీ అడగరు. అందుకే ఆ పనంటే ప్రాణం.

అత్తగారు పోయిన రోజు, యంత్రాన్ని సరిచూసే రోజు. మంచుకన్నా ఎన్నో రెట్లు చల్లనైన ద్రవ నైట్రోజన్ పోసిన పెట్టె దాని ముందుంచి, ఆ చలికి అది చూపే అంకె రాసుకోవాలి. నైట్రోజన్ పొగలు కక్కుతూ తరిగిపోతుంటుంది. మధ్యలో వదిలేస్తే అంతా మొదటికొస్తుంది. సరిగ్గా అప్పుడే అత్తగారు పిలిచింది. "వస్తున్నా అత్తయ్యా" అంది కుసుమ. పది నిమిషాలకు దిగేసరికి ఆవిడ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, ఊపిరి లేదు.

"ఎక్కడో ఆకాశంలో నీళ్ళు కొలుస్తూ కూర్చుంది, మా అమ్మ గొంతు తడపలేకపోయింది." పెదకర్మనాడు బంధువులందరి ముందూ అన్నాడు ధర్మతేజ. కుసుమ నమ్మింది. ఏడాదిగా తాను గ్లాసెత్తితే చాలు, తెరుచుకున్న ఆ కళ్ళే కనపడేవి.

ఇవాళ దిగి వచ్చేసరికి ధర్మతేజ ఫోన్ పట్టుకుని ఉన్నాడు. "యూనివర్సిటీ రమ్యశ్రీ మేడంకి చెప్పేస్తున్నా, ఆ యంత్రాన్ని తీసుకెళ్ళిపొమ్మని. అమ్మను మింగిన శని! ఆ రోజు నేనిక్కడే అన్నం తింటున్నా. ఎంత దీనంగా పిలిచిందో!"

కుసుమ ఆగిపోయింది. "మీకు వినపడిందా?"

"వినపడకేం? పక్కగదేగా."

"మరి లేవలేదేం?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అదేంటే! పిలిచింది నిన్ను కదా."

కుసుమకు అప్పుడు తట్టింది. ఆ ఇంట్లో ఏ ఆడదీ మగవాణ్ణి నీళ్ళడగలేదు. చచ్చిపోతూ కూడా అత్తగారు కన్నకొడుకుని అడగలేదు.

ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని తనే మేడంకి కలిపింది. "మేడం, కుసుమను. నైట్రోజన్ పంపండి. యంత్రం ఇక్కడే ఉంటుంది."

పక్కగదిలోంచి మళ్ళీ గొంతు, "కుసుమా, నీళ్ళు!"

"అత్తయ్యా, మీ అబ్బాయి ఇక్కడే ఉన్నారు. ఆయన్నడగండి" అంటూ ఆమె మెట్లెక్కింది.