రెండు గీతల వదులు

మా ఆవిడ ఉద్యోగం తప్పులు పట్టడం. జీతం ఇచ్చే చోటా అదే పని, ఇవ్వని చోటా అదే పని. ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో ఫ్యాక్టరీ మారినా పన్నెండేళ్లుగా కూర్చుని, నాలాంటి మిషనిస్టులు చేసిన ముక్కల్ని కొలిచి పక్కన పారేస్తున్న మనిషి. నా ముక్కలు పారేస్తూ పారేస్తూనే నన్ను మాత్రం ఏరుకుంది. ఇంటి వెనక షెడ్డులో ఇనుము చెక్కే మిల్లింగ్ మిషన్ పెట్టుకుంటానంటే ఒకటే షరతు పెట్టింది.

"మిషన్ నేను చూసి సరే అనాలి. మీ ఎడమ చేతికి ఇంక మూడు వేళ్లే ఉన్నాయి."

మిగతా రెండూ ఆరేళ్ల కిందట పంపుల ఫ్యాక్టరీలో పోయాయి. నట్ అరిగి, ముక్కను బిగించే టేబుల్ వదులైందనీ, తిరిగే కట్టర్ ముక్కతో పాటు నా చేతినీ లాగేసుకుందనీ ఆస్పత్రి మంచం మీద చెప్పాను. అది పచ్చి అబద్ధం. ఆ మిషన్ చూసుకునే ఫిట్టర్ మా ఆవిడకు సొంత అన్నయ్య. "చెల్లెలి మొగుడు పనిచేసే మిషన్ కూడా చూసుకోలేవా?" అని ఆమె నలుగురిలో నిలదీసింది. బావగారు తలదించుకున్నారు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు. నేను నోరు విప్పలేదు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ ఆరేళ్లు నెట్టుకొచ్చిన పిరికి వెధవను నేను.

మొదట చూసిన మిషన్ బల్ల మీద పెట్టుకునే చిన్నరకం. ఇనుము తగలగానే చలిజ్వరం వచ్చినట్టు వణికింది. రెండోదాని టేబుల్ చివర్లలో బిగువుగా ఉంది, మధ్యలో వదులు. అందరూ పనిచేసేది మధ్యలోనే కాబట్టి అరిగేదీ అక్కడే. మా ఆవిడ రెండింటికీ దణ్ణం పెట్టి వచ్చేసింది.

మూడోది అచ్చులు తయారుచేసే ఒక పెద్దాయన షెడ్డులో ఉంది. నిగనిగలాడే ఆకుపచ్చ రంగు. "తొందరగా తేల్చుకోండి, ఇంకో గంటలో వేరేవాళ్లు వస్తున్నారు" అన్నాడాయన. నేను అలవాటుగా టేబుల్ మీద చెయ్యి వేశాను. కుడి అంచున అర్ధచంద్రాకారపు గాటు వేలికి తగిలింది.

ఆ గాటు నేను పెట్టిందే. పంపుల ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో, ఇదే మిషన్ మీద, చూసుకోకుండా కట్టర్‌ను టేబుల్‌లోకి దించేశాను. మా పనివాళ్లకు ఎవరి గాటు ఎవరిదో బాగా తెలుసు. రంగు మార్చగలరు గానీ గాటును మార్చలేరు.

"ఇది వద్దులే, పద" అన్నాను.

"చూడకుండానే వద్దంటారేమిటి?" అంటూ ఆమె సంచిలోంచి వదులు కొలిచే డయల్ గేజ్ తీసి టేబుల్‌కు ఆనించింది. హ్యాండిల్ ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది. సూది రెండు గీతల తేడాతో ఆగింది; ఆ మాత్రం వదులు ఏ మిషన్‌కైనా ఉండాల్సిందే. చివర్లలోనూ రెండే, మధ్యలోనూ రెండే. ఆమె మొహం వెలిగిపోయింది.

"నట్ కొత్తది వేశారా బాబాయ్‌గారూ?"

"రంగు తప్ప ఏమీ మార్చలేదమ్మా. ఐదారేళ్ల కిందట ఏదో పంపుల ఫ్యాక్టరీ మూసేస్తుంటే తెచ్చుకున్నా, పెద్దగా వాడనేలేదు. అక్కడి ఫిట్టర్ ఎవరో గానీ, కన్నబిడ్డను సాకినట్టు సాకాడు. ఇదిగో, ఆయన కార్డు కూడా పీకలేదు నేను." పెద్దాయన మిషన్ వెనక ఉన్న కరెంటు పెట్టె తలుపు తెరిచాడు.

తలుపు లోపల నూనె మరకల కార్డు అతికించి ఉంది. వారం వారం తేదీ, చేసిన పని, సంతకం. మా ఆవిడ వంగి చూసింది. ఆ గుండ్రటి అక్షరాలు ఆమెకు చిన్నప్పుడు పలక మీద అచ్చులు దిద్దించిన చేతివి. ఆమె వేలు కిందికి జరుగుతూ నా ప్రమాదానికి ముందురోజు దగ్గర ఆగింది. 'నట్ బిగించాను. వదులు రెండు గీతలు.' ఆ తర్వాతి వారాల్లో నూనె పోయడం తప్ప ఇంకే మరమ్మతూ లేదు.

ఆమె లేచి మళ్లీ గేజ్ పెట్టింది. మళ్లీ రెండు గీతలే. అప్పుడు నావైపు తిరిగింది.

"ఇదేనా ఆ మిషన్?"

ఫ్యాక్టరీలో అలాంటివి నాలుగుండేవి. ఇది కాదంటే సరిపోయేది. నా బొటనవేలు ఇంకా ఆ గాటు మీదే ఉంది. ఆమె చూపు కూడా దాని మీదే ఉంది.

"ఇదే" అన్నాను. "టేబుల్ జారలేదు. కట్టర్ తిరుగుతుండగానే గుడ్డతో ఇనుప రజను తుడిచాను. ఆపడానికి బద్ధకించాను. గుడ్డ చుట్టుకుంది, వేళ్లు పోయాయి. మీ అన్నయ్య తప్పేం లేదు."

"మరి అలా ఎందుకు చెప్పారు?"

"ఆపి తుడవమని నువ్వు రోజూ చెప్పేదానివి కదా. తిడతావని భయమేసింది."

పెద్దాయన ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్లిపోయాడు. ఆమె అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. గేజ్ తుడిచి, డబ్బాలో పెట్టి, మూత నొక్కింది. మూత పడటానికి మూడుసార్లు నొక్కాల్సి వచ్చింది.

"తిట్లు తప్పించుకోడానికి మా అన్నయ్యను నాకు లేకుండా చేశారు."

నేను గాటు మీంచి చెయ్యి తీశాను.

"ఈ మిషన్ ఇంటికి రావచ్చు. వంక పెట్టడానికేం లేదు. మీ సంగతే చూడాలి" అంది.

ఫోన్ తీసి, వెతుక్కోకుండానే నంబరు నొక్కింది. మోగుతుండగానే నా చేతిలో పెట్టింది.

"చెల్లీ? ఏమైంది? అంతా బాగానే ఉన్నారా?" అటువైపు బావగారి గొంతు కంగారుగా ఉంది.

"నేను, బావగారూ. ఆ రోజు టేబుల్ జారలేదు. తప్పు నాదే. కట్టర్ ఆపకుండా తుడిచాను."

ఆయన తిట్టలేదు. ఎందుకు దాచావని కూడా అడగలేదు. ఒక్క మాటే అడిగారు.

"అయితే... నట్ నేను బిగించే ఉన్నానంటావా?"