చెల్లెలి వైపుకి జరిగే గోడ

పొద్దున్నే షట్టర్ ఎత్తగానే అన్నాచెల్లెళ్ళిద్దరూ చదరంగం బల్ల వేస్తారు. ఒక్క ఆట. ఆ తర్వాతే కత్తెర పట్టేది. ఆట అవగానే ఆ టైలరింగ్ కొట్టు మధ్యలో ఉన్న గోడ ఓడినవాళ్ళ వైపుకి జానెడు జరుగుతుంది. కుర్చీ ఈడ్చినట్టు కిర్రుమంటుంది, అంతే. పక్క కొట్టువాళ్ళు "ఇవాళ ఎటు?" అని అడిగి, వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటారు.

ఎటేంటి, ఎప్పుడూ చెల్లెలి వైపుకే. తెల్లపావులు అన్న వదిలితే కదా! "పెద్దోణ్ణి. మొదటి ఎత్తు నాదే," అంటాడు. ఒక్కరోజు మార్చుకుందామంటే, "మళ్ళీ మొదలెట్టావా?" అని నవ్వుతాడు. కిందటి నెల నాన్న చెరిసగం ఇచ్చిన కొట్టు అది. ఇప్పుడు అన్న వైపు నిలువుటద్దం, సోఫా. చెల్లెలి వైపు ఒక మిషను, బొత్తాలు కుట్టే పిన్ని. ఇంకో జానెడు జరిగితే మిషను రోడ్డు మీదే. ఇదెక్కడి న్యాయమో ఎవరూ అడగరు.

చెల్లెలు కోపంగా ఆడేది. మంత్రిని పరిగెత్తించి, గుర్రాల్ని పోగొట్టుకుని, చివరికి ఏడుపు మింగేది.

ఆ రోజు పిన్ని పంటితో దారం తెంపుతూ అంది, "కోపమొస్తే పళ్ళు బిగిస్తావు కదే. బంటుల్నీ అట్లాగే బిగించు. వాడే వచ్చి గుద్దుకుంటాడు."

అన్న తన రాజు ముందు బంటుని రెండు గడులు తోశాడు. చెల్లెలు మంత్రి పక్కన ఉన్న ఒంటె ముందు బంటుని ఒక్క గడి జరిపింది.

"ఇంతేనా?"

"ఇంతే."

తర్వాత మంత్రి ముందు బంటుని దానికి తోడుగా నిలబెట్టింది. అన్న మీదికి తోసుకొచ్చాడు. చెల్లెలు ఒంటెని బయటికి తీసి, అప్పుడు రాజు ముందు బంటుతో దారి మూసింది. అన్న దూకాడు, అరిచాడు, దూకి దూకి రెండు బంటుల్ని పారేసుకున్నాడు. మంత్రులు పోయాయి, ఏనుగులు పోయాయి. అన్న చొక్కా తడిసింది.

"సరేలేవే, డ్రా చేసుకుందాం. గోడ ఎక్కడిదక్కడే ఉంటుంది. నీ మిషనుకేం కాదు."

పిన్ని సూది ఆగింది.

"ఎక్కడిదక్కడే ఉంటే, నువ్వు మింగిందంతా నీకే ఉంటుంది కదన్నా?"

"మింగడమేంటే? గెలుచుకున్నా!"

"ఒక్కరోజైనా నాకు మొదటి ఎత్తు ఇచ్చి గెలిచావా?"

"ఆడపిల్లవి, పోనీలే అని జాలిపడితే..."

"నీ జాలి నీ దగ్గరే పెట్టుకో. ఆడు."

నల్లబంటు ఒక్కో గడీ నడుచుకుంటూ వెళ్ళి మంత్రి అయింది. అన్న రాజుకి నిలబడే చోటు లేకుండా పోయింది.

గోడ కిర్రుమంది. కొట్టు పంచుకున్నాక మొదటిసారి అన్న వైపుకి జరిగింది. ప్యాంటు కోసం వచ్చి అటు కూర్చున్న డ్రైవరు లేచి, సోఫా కాస్త వెనక్కి లాక్కుని మళ్ళీ కూర్చున్నాడు.

"రేపు కూడా తెల్లవి నువ్వే తీసుకో అన్నా," అంది చెల్లెలు.

ఇటు పిన్ని మెల్లగా కాళ్ళు చాపుకుంది.