కరెంటు మంత్రి

బడి తనిఖీకి వచ్చేది మా బావమరిదేనని తెలిసి నా కూతురు ముందురోజే నా దగ్గరికి వచ్చింది.

"నాన్నా, ఒక్క మాట మాట్లాడు. నువ్వడిగితే మామయ్య కాదనడు."

"మీ అమ్మ పోయిననాడు వీధి మొగదాకా వచ్చి వెనక్కి తిరిగిపోయాడు. సొంత అక్క. వాడితో నాకు మాటల్లేవు."

"బడి ఎత్తేస్తేనో?"

"ఎత్తేస్తే వాడి పాపం వాడిది."



ఇటుక బట్టీల పక్కన రేకుల షెడ్డే నా కూతురు పాఠాలు చెప్పే ఆ బడి. కరెంటు స్తంభాలు పెద్దరోడ్డు దగ్గరే ఆగిపోయాయి. వసతులు లేవు కాబట్టి రోడ్డు అవతలి బడిలో కలిపేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. తనిఖీకి వచ్చినవాడు రాసేదే ఇక ఆఖరి మాట. లారీల మధ్య రోడ్డు దాటించి బట్టీవాళ్ళు పిల్లల్ని పంపరు. ఇటుకల పనిలో పెడతారు. అందుకే నా కూతురు ఎక్కడెక్కడో తిరిగి పాత సోలార్ ప్యానెల్ ఒకటి సంపాదించింది. దాని స్టాండు నేను వెల్డింగు చేశాను. నేను వేసిన అతుకు ఇంతవరకు ఊడలేదు. కింద ఒక బ్యాటరీ, ఒక ఫ్యాను, పాఠాలు చూపించే చిన్న టీవీ.

బ్యాటరీ పెట్టె మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలున్నాయి. పసుపు వస్తే ఫ్యాను ఆపాలి. ఎరుపు వస్తే టీవీ కూడా ఆగిపోతుంది. ఆ పెట్టెకు కాపలా నాలుగో తరగతి పిల్ల. ఇటుకలు మోసేవాళ్ళ బిడ్డ. అందరూ దాన్ని మంత్రి అంటారు. స్విచ్చుల దగ్గర టీచరు మాట కూడా చెల్లదు, దాని మాటే చెల్లుతుంది. ఆ పద్ధతి పెట్టింది నా కూతురే.

తనిఖీ రోజు మబ్బు పట్టింది. ఒకటే ఉక్క. నేను గుమ్మం బయట స్టూలు వేసుకుని కూర్చున్నాను. మా బావమరిది నన్ను చూసి ఆగాడు. మొహం తిప్పుకున్నాను. వాడు లోపలికి పోయి ఫ్యాను కిందికి కుర్చీ లాక్కున్నాడు. టీవీలో గుండె పాఠం మొదలైంది. నెత్తురు ఎటు పోతుందో, ఎటు వస్తుందో పిల్లలు గాల్లో వేళ్ళతో గీస్తున్నారు.

సగంలో మంత్రి లేచింది.

"సార్, పసుపు వచ్చింది. ఫ్యాను తీసేస్తున్నా."

"ఉండనీ తల్లీ," అంది నా కూతురు. "ఈ ఒక్కసారికి."

"ఎవరొచ్చినా ఒకటే అని నువ్వే చెప్పావు కదా టీచర్! మొన్న మా నాన్న వచ్చినప్పుడు కూడా తీసేశా."

పిల్లలు కిసుక్కున నవ్వారు. మా బావమరిది మొహం గంటు పెట్టుకున్నాడు. నా కూతురు వాడి వైపు చూసింది, పిల్లల వైపు చూసింది.

"మంత్రి చెప్పాక ఇంకేముంది," అంది. "తీసెయ్."

ఫ్యాను ఆగింది. చెమటలు కక్కుతూ వాడు పాఠం చివరిదాకా కూర్చున్నాడు. టీవీ ఆగలేదు. పాఠమయ్యాక ఒక పిల్లాణ్ణి లేపి బోర్డు మీద గుండె వెయ్యమన్నాడు. నాలుగు గదులూ వేసి, బాణం గుర్తులు కూడా పెట్టాడు ఆ పిల్లాడు.

"ఫ్యాను ఉంచితే ఏమయ్యేది మంత్రిగారూ?" అన్నాడు మా బావమరిది.

"సగం గుండే చూసేవాళ్ళం సార్. మిగతా సగం మీరొచ్చి చెప్పేవారా?"

ఈసారి మా బావమరిదే ముందు నవ్వాడు. జేబులోంచి కలం తీసి కాగితం మీద రాసి, పైకి చదివాడు. బడి ఇక్కడే ఉంటుంది.

బయటికొచ్చి నా ముందు నిలబడ్డాడు.

"బావా, నీ కూతురు గట్టిపిండం."

"తెలుసు."

"నా మీద కోపం ఇంకా పోలేదా?"

"పోలేదు."

వాడు మొహం తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నా కూతురు పరిగెత్తుకొచ్చింది.

"ఒక మంచి మాట అంటే నీ సొమ్మేం పోయేది నాన్నా?"

"నేను మాట్లాడి ఉంటే నా వల్ల నిలబడిందనేవాళ్ళు. ఇప్పుడు ఎవడంటాడో అనమను."

వాళ్ళమ్మ ఉంటే వీధంతా తిరిగి చెప్పుకునేది. నేను అలాంటి మనిషిని కాను. ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర మాత్రం అడిగినవాడికీ చెప్పాను, అడగనివాడికీ చెప్పాను.